ఏకు మేకై కూర్చుందట!

చెవొగ్గి: శబ్దం, రికార్డింగు, సంగీతం మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే ఆల్బం గురించి. దాని పేరు ‘ఏకు’, అంటే నూలు వడకడానికి ఏకి చుట్టిన పత్తి. ముగ్గురు స్నేహితులు కలిసి చేసిన ఎలక్ట్రానిక్, యాంబియెంట్ సంగీతం. ఏడు ముక్కలు, 41 నిమిషాలు. శ్రీకాకుళంలో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్‌తో, బొబ్బిలిలో ఒకమ్మాయి వీణతో, పొందూరులో ఇంకో కుర్రాడు రికార్డరుతో ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని చేశారు. ఇంకా బయటికి వదల్లేదు. తమాషా ఏమిటంటే ముగ్గురూ ఒకరికి తెలీకుండా ఒకరు నాకు రాశారు. నాలుగో ఉత్తరం మొదటి కుర్రాడి తండ్రిది. అందరికీ ఈ పేజీలోనే జవాబు చెబుతున్నాను, ఒకరిది ఒకరు చదువుకుంటే మరీ మంచిది. పేర్లు వేయం, ఊరు చాలు. ఈ శీర్షిక పద్ధతి మొదట్నించీ అదే.

*ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మావాడు ఇంజినీరింగ్ చదివి రోజూ రాత్రి హాల్లో సీలింగ్ ఫ్యాను కింద మైకు పెట్టుకుని కూర్చుంటున్నాడు. మాట్లాడకూడదు, కుక్కర్ పెట్టకూడదు. మూడు నెలల తర్వాత వినిపించాడు. పల్లవి లేదు, చరణం లేదు, తాళం లేదు. మా ఆవిడ వింటూ వింటూ నిద్రపోయింది. ఏకు మేకై కూర్చుంది మా ఇంట్లో. ఫ్యాను చప్పుడు కూడా సంగీతమేనా? (శ్రీకాకుళం)*

బాబుగారూ, ముందు ఒక మాట. నేను ఎవరికీ పాఠం చెప్పినవాణ్ని కాను. విజయనగరంలో గంటస్తంభం దగ్గర పాతికేళ్లు క్యాసెట్ల కొట్టు నడిపాను. మా ఊళ్లో కళ్లజోడు పెట్టుకున్న ప్రతివాడూ మాస్టారే, అలా అంటుకుంది.

ఇక ఫ్యాను సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపుకి రెండుసార్లు అదురుతాయి కాబట్టి ఫ్యాను మోటారూ, పాత ట్యూబులైటు చోకూ ‘మ్‌...’ అని మూలిగేది 100 హెర్ట్జ్ దగ్గర. హార్మోనియం భాషలో చెప్పాలంటే అయిదు శ్రుతికి కాస్త పైన. ఇచ్ఛాపురం నించి ఇడుపులపాయ దాకా ప్రతి ఇంట్లోనూ ఇదే శ్రుతి. ఎవరూ కూర్చోబెట్టకుండా, ఎవరూ శ్రుతి చేయకుండా రాత్రంతా మోగే తంబూరా అన్నమాట. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి ఇళ్లు 120 దగ్గర మూలుగుతాయి. మీ వాడు ఈ తంబూరాని మైకులో పట్టుకున్నాడు, అంతే.

సంగీతమా కాదా అన్న తగువు మీ ఇంట్లో మొదలైంది కాదు. 1948లో పియరీ షెఫర్ అనే ఫ్రెంచి రేడియో ఇంజినీరు పారిస్‌లో ఒక రైల్వే స్టేషనుకి వెళ్లి ఇంజిన్ల చప్పుడు, చక్రాల చప్పుడు, కూతలు రికార్డు చేసుకొచ్చి, వాటిని ముక్కలు చేసి, తిప్పి, మళ్లీ మళ్లీ మోగించి ఒక రచన చేశాడు. మనకీ రైళ్లకి కొరతేమీ లేదు, జంక్షనులోనే పుట్టి పెరిగాం. చెవి పెట్టినవాడే లేడు.

మీ ఆవిడ నిద్రపోవడం గురించి. అబ్బాయి చిన్నబుచ్చుకుని ఉంటాడు, అక్కర్లేదని చెప్పండి. బ్రయాన్ ఈనో అనే ఇంగ్లీషాయన 1975లో యాక్సిడెంటై మంచంలో ఉన్నాడు. చూడ్డానికొచ్చిన స్నేహితురాలు తెచ్చిన హార్ప్ సంగీతం రికార్డు మోగుతోంది. సౌండు బాగా తక్కువగా ఉంది, రెండు స్పీకర్లలో ఒకటి పలకడం లేదు. లేచి పెంచుకునే ఓపిక లేదు. బయట వాన. వానా హార్ప్ కలిసిపోయి వినిపిస్తుంటే, సంగీతం ఇలా గదిలో వెలుతురులాగా కూడా ఉండొచ్చు కదా అని తట్టిందట. మూడేళ్లకి, 1978లో, విమానాశ్రయాల్లో మోగడానికని ఒక ఆల్బం చేసి దానికి ‘యాంబియెంట్’ అని పేరు పెట్టాడు. మనసు పెట్టి వింటే వినొచ్చు, పట్టించుకోకుండా మన పని మనం చూసుకోవచ్చు, రెంటికీ ఒప్పుకునే సంగీతం అని దాని లెక్క. మీ ఆవిడ రెండో పద్ధతిలో విన్నారు.

ఇదంతా తెల్లవాళ్ల తిండి ఎక్కువైన పనులు అంటారేమో. 1969లోనే అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో కరెంటుతోనే స్వరాలు పుట్టించే మూగ్ సింథసైజరు పెట్టి స్టూడియో నడిపారు. డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు అమెరికా నించి వచ్చి అమర్చాడు. వెనకాల నిలబడింది గీతా సారాభాయి, మృదంగం లాంటి పఖావజ్ వాయించే మనిషి. మూడేళ్ల పాటు మనవాళ్లు అక్కడ చేసిన టేపులు బీరువాల్లో పడి ఉండి ఉండి 2023లో ఆల్బంగా బయటికొచ్చాయి. యాభై ఏళ్లు! మీరు మూడు నెలలకే విసిగిపోతున్నారు.

అయినా కుక్కర్ పెట్టొద్దనడం మాత్రం తప్పే. ఇల్లాలి వంట ఆపి చేసే రికార్డింగు ఏమీ ఉండదని నా మాటగా చెప్పండి.

*ప్రశ్న: నేను విజయనగరం సంగీత కళాశాలలో వీణ డిప్లొమా చేశాను. మా స్నేహితుడి ఆల్బం కోసం శుద్ధ ధన్యాసి ఆలాపన ఇంట్లోనే రికార్డు చేసి పంపాను. మూడు శ్రుతిలో వాయించాను. వాడు కలిపి పంపిన దాంట్లో నా వీణ శ్రుతి దిగిపోయి ఉంది. ఫ్యాను శబ్దంతో కలిసీ కలవనట్టు ఏదో పుల్లగా ఉంది. అడిగితే ‘నేనేం మార్చలేదు’ అంటున్నాడు. ఇంకో ముక్కలో ఎంత సాగదీశాడంటే అది వీణ అని మా గురువుగారికే తెలీలేదు. నేను తప్పుకోవాలా? (బొబ్బిలి)*

తప్పుకోకమ్మా. మొదటిదానికి ఎవరి తప్పూ లేదు, రెండోదానికి మాత్రం నీ కోపం న్యాయమే.

నువ్వు ఫోన్లోనో, వీడియో కెమెరాలోనో రికార్డు చేసి ఉంటావు. అవి సాధారణంగా సెకనుకి 48,000 సార్లు శబ్దాన్ని కొలిచి రాసుకుంటాయి, దాన్నే శాంపిల్ రేటు అంటారు. సీడీ లెక్క 44,100. నీ ఫైలు 48,000ది. వాడి ప్రాజెక్టు 44,100ది. సాఫ్ట్‌వేరు సరిగ్గా మార్చకుండా అలాగే మోగిస్తే ఏమవుతుంది? నిమిషం ముక్క నిమిషం అయిదు సెకన్లవుతుంది, శ్రుతి ఇంచుమించు ఒకటిన్నర స్వరస్థానం దిగుతుంది. మూడు శ్రుతిలో ఉన్న నీ వీణ రెండుకీ రెండున్నరకీ మధ్య ఎక్కడో వేలాడుతోంది.

పుల్లదనం ఎక్కడిదో చూడు. ఫ్యాను 100 దగ్గర మోగుతుందని పైన చెప్పాను కదా. నీ షడ్జమం మూడులో ఉంటే ఆ ఫ్యాను ఇంచుమించు సాధారణ గాంధారం మీద పడుతుంది, అంటే నీ రాగంలోని స్వరమే. వాడు తెలిసి చేశాడో, గాలివాటుగా తగిలిందో గానీ మంచి ఆలోచన. నీ శ్రుతి దిగిపోయేసరికి అదే ఫ్యాను గాంధారం వదిలేసి శుద్ధ మధ్యమానికి ఇసుమంత కింద పడింది. మధ్యమం కూడా నీ రాగంలోదే, అందుకే పూర్తిగా అపస్వరం అనిపించదు. కానీ ఇసుమంత తక్కువ, అందుకే పుల్లగా ఉంది. అది పట్టుకున్న చెవి మంచి చెవి, మీ గురువుగారికి నా నమస్కారాలు. నీ ఫైలుని 44,100కి మార్చి పంపు, లేదా ముగ్గురూ 48,000 మీదే ఉందామని ఇవాళే ఒప్పుకోండి. దూరాన కూర్చుని కలిసి చేసే పనిలో ముందు మాట్లాడుకోవాల్సింది రాగం కాదు, ఈ అంకె.

నా క్యాసెట్ల రోజుల్లో దీనికి మేనమామ ఒకటుండేది. పల్లెటూళ్లో హరికథ రికార్డింగు, కరెంటు లేదు, బ్యాటరీల మీద నడుస్తోంది టేపు రికార్డరు. కథ సగంలో బ్యాటరీలు నీరసించాయి. మోటారు మెల్లగా తిరిగిందని నాకు తెలీదు. కొట్టుకొచ్చి మామూలు వేగంలో మోగిస్తే సీతాకల్యాణం దగ్గరికొచ్చేసరికి దాసుగారిది చిలక గొంతు. దాసుగారే విని పడీపడీ నవ్వారు, డబ్బు మాత్రం సగమే ఇచ్చారు.

రెండో ఫిర్యాదు. వీణని వీణగా చెప్పేది నాదం కాదు, మీటు. తీగని గోరు వదిలిన ఆ మొదటి క్షణం. షెఫరే ఒక గంట రికార్డింగు తీసుకుని కొట్టిన మొదటి దెబ్బని కోసేసి మిగిలింది వినిపిస్తే అది గంటలాగే లేదు! కావాలంటే చేసి చూడు, మా గంటస్తంభం గంట రికార్డు చేసి ముందు ముక్క కోసెయ్, ఎవరో సన్నాయి ఊదుతున్నట్టుంటుంది. మీ వాడు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో పాల్‌స్ట్రెచ్ లాంటిదేదో వాడి ఎనిమిది రెట్లు సాగదీసి ఉంటాడు. మీటు కరిగిపోతుంది, గమకం మబ్బులా పరుచుకుంటుంది. బాగుంటుంది, కాదనను. కానీ ఆ మబ్బు ఫ్లూటుని సాగదీసినా వస్తుంది, స్టీలు గ్లాసుని సాగదీసినా వస్తుంది. బొబ్బిలి పనసకర్ర ఏకాండ వీణ, గొల్లపల్లిలో ఒకే దుంగ తొలిచి చేసింది, అంత పని జరిగాక స్టీలు గ్లాసులా వినిపిస్తే ఎలా?

నా సలహా ఒకటే. సాగదీసిన ప్రతి ముక్కకీ ముందు ఒక్క మీటు పచ్చిగా వదలమను. ఒక్కటి చాలు. అది విన్న చెవి తర్వాతి నాలుగు నిమిషాలూ దాన్ని వీణగానే వింటుంది.

*ప్రశ్న: తేలినీలాపురంలో కొంగల్ని, గూడబాతుల్ని రికార్డు చేయడానికి ఫోను చాలా? (టెక్కలి)*

చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. రొద తగ్గించే సదుపాయం ఉంటే ఆపేయండి. లేకపోతే ఎడతెగని శబ్దాన్ని అనవసరం అనుకుని తుడిచేస్తుంది. గాలికి మైకు మీద పాత నూలు సాక్సు. ఎర్రకాళ్ల కొంగలు పెద్దగా అరవవు, గూళ్ల దగ్గర ముక్కులు టకటకలాడిస్తాయి. అది కావాలంటే తెల్లవారుజామున ఆటోలు మొదలవకముందే వెళ్లండి. చింతచెట్ల కిందకి మాత్రం వెళ్లకండి. పిల్లలున్న గూళ్లు.

*ప్రశ్న: ముగ్గురం కలిసి ఒక ఆల్బం చేశాం. వీణ ఒకరిది, బయటి శబ్దాలు ఒకరివి. మిగతాదంతా, అంటే సింథ్, మిక్సింగ్, మాస్టరింగ్ నేనే చేశాను. ల్యాప్‌టాప్ నాది, మూడు నెలల కష్టం నాది. డబ్బంటూ వస్తే సగం నాకు రావడం న్యాయం కాదా? చట్టం ఏమంటుంది? (శ్రీకాకుళం)*

మీ నాన్నగారి ఉత్తరం పక్కనే ఉంది, ముందు అది చదువు.

నేను లాయర్ని కాను. క్యాసెట్ల వ్యాపారంలో తన్నులు తిని నేర్చుకున్నది చెబుతాను. 1957 నాటి కాపీరైట్ చట్టం ఒక ఆల్బంలో రెండు మూడు వేర్వేరు హక్కులు చూస్తుంది. సంగీతం కట్టినవారిది ఒకటి. వాయించినవారిది ఒకటి, అది 50 ఏళ్లు. రికార్డింగుది ఒకటి, విడుదలయ్యాక 60 ఏళ్లు. రికార్డింగు హక్కు నిర్మాతది. నిర్మాత అంటే చొరవ తీసుకుని బాధ్యత నెత్తినేసుకున్న మనిషి. ల్యాప్‌టాప్ ఎవరిదన్నది చట్టం అడగదు. మీ ముగ్గురిలో చొరవ ఎవరిది? బొబ్బిలమ్మాయి మూడు సార్లు వాయించి పంపింది. పొందూరబ్బాయి నలభై నిమిషాలు నేల మీద మైకు పట్టుకుని కూర్చున్నాడు. పాలు పంచడానికి కూర్చుంటే తేలదు.

మిక్సింగ్ చిన్న పని అని నేననను. వంటకి సరుకులు ఎవరు తెచ్చినా ఉప్పు చూసేవాడు ఒకడుండాలి. అయితే దాన్ని కూలిగా లెక్కగట్టు, వాటాగా కాదు. వచ్చిన డబ్బులోంచి ముందు నీ మిక్సింగ్‌కి ఇంత అని తీసుకో, మిగిలింది మూడు సమాన భాగాలు. ఒక కాగితం మీద ఏ ముక్కలో ఎవరు ఏం చేశారో రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి. వాట్సాప్‌లో ‘ఓకే రా’ అన్నది పనికిరాదు, హక్కు రాసివ్వడమంటే కాగితమూ సంతకమూ ఉండాలి. రేపు ఏ కంపెనీకైనా రాసిస్తే ఎన్నేళ్లకో కూడా రాయించుకో. రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగానే లెక్కేస్తుంది, ఈ సంగతి కంపెనీవాళ్లు తమంతట తాము చెప్పరు.

కలిసి చేసిన ఆల్బాల్లో నాకు నచ్చినది ఒకటి చెబుతాను. జపాన్ పియానిస్టు ర్యుయిచి సకమోటో, జర్మనీ నించి ఆల్వా నోటో. 2002లో వచ్చింది. ఈయన పియానో వాయించి పంపాడు, ఆయన దానికి సన్నని టిక్కులు, గీతలు, గుయ్యిమనే శబ్దాలు చేర్చాడు. ఆయన చేతిలో ఎంత యంత్రం ఉన్నా పియానోని పియానోలాగే ఉండనిచ్చాడు. అది విను. విన్నాక ఆ వీణ ముక్క మళ్లీ తెరువు. శాంపిల్ రేటు కూడా చూసుకో నాయనా, ‘నేనేం మార్చలేదు’ అనే ముందు.

*ప్రశ్న: ఆల్బం కోసం మా ఊళ్లో ఖాదీ వడికే ఒక పెద్దావిడ దగ్గర నలభై నిమిషాలు రికార్డు చేశాను. ఏడు ముక్కల్లో నాలుగింట్లో ఆ శబ్దమే ఉంది. రెండొందలు ఇస్తే తీసుకుంది. మావాళ్లు ‘ఫీల్డ్ రికార్డింగ్, పొందూరు’ అని వేస్తే చాలంటున్నారు. ఆవిడ పేరు వేయాలా? అది సంగీతం కాదు కదా, పని శబ్దం. (పొందూరు)*

నువ్వు పంపిన ఆ నలభై నిమిషాలు మొత్తం విన్నాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రెండుసార్లు. ఆల్బం కంటే అదే బాగుందని మీ వాళ్లకి చెప్పకు.

మొదట గరగరమని సన్నగా వినిపించేది వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వుతున్న చప్పుడు. చెప్పకపోతే ఎవరో కాగితం మీద పెన్సిలుతో గీస్తున్నారనుకుంటాం. తర్వాత ఏకే విల్లు. ఆ నారి మోత ఉంది చూశావూ, ‘డూం... డూం...’ అని, పత్తి అంటుకున్నప్పుడు మందంగా, వదిలినప్పుడు కాస్త పైకి. ఆ తర్వాత రాట్నం. ఏకు సాగుతున్నంతసేపూ మూలుగు సన్నగా లేస్తుంది, నూలు కదురుకి చుట్టేటప్పుడు ఒక్కసారి దిగుతుంది. లేవడం, దిగడం, మధ్యలో ఊపిరంత ఖాళీ. 22వ నిమిషంలో దారం తెగింది. రాట్నం ఆగింది. ‘ఏటి బాబూ, ఈ సప్పుడు ఇనడానికి ఇంతసేపు కూకున్నావేటి’ అని నవ్వింది. తెగిన దారం అతికించుకుని మళ్లీ మొదలెట్టింది, సరిగ్గా ఆగిన చోటి నించే, అదే వేగంలో. లయ కొలిచే మెట్రోనోము పెట్టి చూశాను, తేడా లేదు.

ఆ వేగం ఆవిడది. పక్కింటి మనిషి వడికితే ఇంకోలా ఉంటుంది. మీ నాలుగు ముక్కల నడక ఆ వేగం మీదే కట్టారు కదా? తాళం వేసిన మనిషి పేరు వేయాలా అని ఎవరైనా అడుగుతారా?

చట్టంలో కళాకారులు ఎవరో ఒక జాబితా ఉంది. నటులు, గాయకులు, వాయిద్యకారులు, నర్తకులు, గారడీవాళ్లు, పాములవాళ్లు కూడా. నూలు వడికేవాళ్లు లేరు. ‘ప్రదర్శన చేసే మరెవరైనా’ అని చివర్లో ఒక మాటుంది, అందులో ఆవిడ ఇముడుతుందో లేదో లాయర్లు తేల్చుకుంటారు. నువ్వు తేల్చాల్సింది వేరే. ముందు ఆ నలభై నిమిషాలు దేనికి వాడారో ఆవిడకి వినిపించు. ఫోన్లో కాదు, మంచి స్పీకరు మోసుకెళ్లి. వద్దంటే తీసెయ్, కష్టమైనా సరే. సరేనంటే పేరు ఎలా రాయాలో ఆవిణ్నే అడుగు, ఇంటిపేరుతోనా, ఊళ్లో పిలిచే పేరుతోనా అని. నా మాట వింటే పైన ముగ్గురికి చెప్పిన మూడు భాగాలు నాలుగు చేయండి. శ్రీకాకుళం కుర్రాడికి కోపం వస్తుంది, రానీ.

ఇంత ఖరాఖండీగా ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పాలి. 1987లో మా కొట్టుకి జముకుల కథ చెప్పే ముగ్గురొచ్చారు, చీపురుపల్లి వైపు వాళ్లు. జముకు నువ్వు చూసే ఉంటావు. చర్మం నడిమధ్య నించి తీగ, దాన్ని లాగి మీటితే ‘గుంయ్‌’ అని శ్రుతి వంగుతూ పైకి పోతుంది. మీ సింథ్‌లో నాబ్ తిప్పితే వచ్చేది అదే, కాకపోతే ఇది మేక తోలు. రాత్రంతా ఎల్లమ్మ కథ చెప్పారు. నూట యాభై ఇచ్చాను, సంతోషంగానే వెళ్లారు. రెండు భాగాలుగా క్యాసెట్లు వేశాను. పైడితల్లమ్మ పండగకి బల్ల మీద పెడితే పప్పు బెల్లాల్లా పోయాయి. అట్ట మీద ‘ఉత్తరాంధ్ర జానపదాలు’ అని అచ్చేయించి, కింద మా కొట్టు పేరు, టెలిఫోన్ నంబరు. వాళ్ల పేర్లు రాసుకున్న కాగితం ఎక్కడో పడిపోయింది. అసలు రాసుకున్నానో లేదో కూడా ఇప్పుడు రూఢిగా చెప్పలేను.

మూడేళ్ల క్రితం ఒక పరిశోధక విద్యార్థిని ఆ క్యాసెట్ పట్టుకుని వచ్చింది, ఎవరు పాడారండీ అని. అసలు టేపు ఇంకా నా దగ్గరుంది. ఇద్దరం కూర్చుని మొదటి నించి చివరిదాకా విన్నాం, కథకుడు ఎక్కడైనా తన పేరు చెప్పుకుంటాడేమోనని, వంత పాడేవాళ్లు ఒకర్నొకరు పిలుచుకుంటారేమోనని. రెండో వైపు నడుమ జముకు ఆగుతుంది. కథకుడు దగ్గుతాడు. మా కొట్టు కింద టీ అమ్మే గుంటణ్ని పేరు పెట్టి కేకేసి, మూడు టీలు తెమ్మంటాడు. ఆ టేపు మొత్తమ్మీద వినిపించే మనిషి పేరు అదొక్కటే.